శిరోవస్త్రం ఒకటి, ధరించిన వ్యక్తితో సహా

మా ఆవిడ ఫోటో ప్రభుత్వం తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు. ఇక ఇవ్వదు. ఇందులో చర్చకేమీ లేదు.

ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. ఆధార్ కార్డు మీద ఒక మొహం ఉంది గాని అది మా ఊళ్లో ఏ ఆడమనిషిదైనా కావచ్చు. మా పెళ్లినాటికి ఊరికి కెమెరా రాలేదు. వచ్చాక నాంచారమ్మ దాని ముందు నిలబడలేదు. ముప్పై ఏళ్ల కిందట మా ఉప్పు మడులు చూడ్డానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ఆమె గంప దించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంటే అడక్కుండా తీశాడు. నెల తర్వాత పోస్టులో పంపాడు. నేను పటం కట్టించాను. ఉప్పు గాలికి రంగులు పోయి, అంతా గోధుమరంగుకు తిరిగింది. పటం అలాగే గోడ మీద ఉండిపోయింది.

ఆమె పోయిన పదో నెలలో పథకం వచ్చింది.

పథకం అసలు పేరు 'మరుగునపడిన చారిత్రక స్త్రీ శిరోవస్త్ర శైలుల గుర్తింపు, పరిరక్షణ కార్యక్రమం'. పిలుచుకునే పేరు 'మండలానికొక మకుటం'. ప్రతి మండలమూ ఎవరికీ తెలియని పాతకాలపు ఆడవాళ్ల తలగుడ్డ తీరు ఒకటి కనిపెట్టి నెలాఖరులోగా పైకి పంపాలి. లేని మండలం ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. మా పక్క మండలం వాళ్లు నెత్తిన చేట పెట్టుకున్న ఒక ముసలమ్మ ఫోటో పంపి ప్రశంసాపత్రం తెచ్చుకున్నారు. వాన పడుతుంటే ఆ ముసలమ్మ దొడ్లోకి పోతూ చేట అడ్డం పెట్టుకుంది. అంతకన్నా అందులో ఏమీ లేదు. కానీ పత్రం పత్రమే.

దాంతో మా మండల మకుటాధికారి నిరంజనరావుగారికి నిద్ర కరువైంది. ఊరూరా తిరిగారు. మా ఊళ్లో అందరి తలలూ చూశారు. చివరికి మా అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగారు. చెంబు ఎత్తి తాగుతూ గోడ మీది పటం చూశారు. పొలమారింది.

"ఎవరిది ఈ పటం?"

"మా ఆవిడదండి."

"ఆవిడ సంగతి కాదు. తల మీదిది."

చెప్పాను. దాచేదేముంది? ఆ రోజు ఆమెకు పన్నుపోటు. వేయించిన ఉప్పు చిన్న మూట కట్టి చెంపకు ఆనించి, పాత చీర పీలికతో గడ్డం కింద నుంచి నడినెత్తికి బిగించి కట్టింది. దాని మీద గంప నిలవడానికి చుట్టకుదురు. కుదురు తడవకుండా, గంపలోంచి కారే ఉప్పునీళ్లు కళ్లలో పడకుండా, దాని మీద ఒక మూలలోకి మరో మూల దూర్చిన యూరియా బస్తా. మా మడుల్లో ఆడవాళ్లంతా బస్తా వేసుకుంటారు. పన్నుపోటు మాత్రం ఆమె ఒక్కతిదే.

నిరంజనరావుగారు ఓపికగా విన్నారు. తర్వాత సంచిలోంచి ఫారం తీశారు.

"కోటిలింగంగారూ, మీరు పెద్దలు. ఇందులో ఏడో కాలమ్ చూడండి. 'సదరు శైలి స్థానికులకు తెలియునా?' తెలియును అని రాస్తే దరఖాస్తు తిరస్కరించబడును. తెలిసినది మరుగున పడినట్టు కాదు గదా?"

"నాకు తెలుసు గదండి."

"మీకు తెలియదని రాస్తున్నాను. మీ మేలు కోరే."

రాశారు. పటం గోడ మీంచి దించారు. గోడ మీద పటమంత మేర సున్నం తెల్లగా బయటపడింది. నాకు రసీదు ఇచ్చారు. అందులో ఇలా ఉంది: 'శిరోవస్త్రము - ఒకటి. ధరించిన వ్యక్తితో సహా. స్థితి: ఫర్వాలేదు.'

"చైత్ర బహుళ తదియకు ఆమె సంవత్సరీకమండి. ఆ రోజుకు నాకు పటం కావాలి," అన్నాను.

"పదిహేను రోజుల్లో మీ గోడ మీద ఉంటుంది," అన్నారు.

పదిహేను రోజులకు జిల్లా కేంద్రానికి వెళ్లాను. పటం లోపల కమిటీ ముందు ఉందన్నారు. నిరంజనరావుగారు తలుపు బయట నిలబడి ఉన్నారు. కొత్త చొక్కా వేసుకున్నారు. నన్ను చూసి సంతోషించారు.

"మన మండలం పైకి పోతోంది! లోపల ఉన్నది ఎవరనుకున్నారు? డాక్టర్ మందాకినీదేవిగారు. శిరోవస్త్ర శాస్త్రంలో ఈ రాష్ట్రంలో ఆమెను మించినవారు లేరు."

"ఇంకెందరున్నారండీ ఆ శాస్త్రంలో?"

"ఆమె ఒక్కరే."

నన్ను సాక్షిగా లోపలికి పిలిచారు. మందాకినీదేవిగారు పెద్దావిడ. చేతిలో భూతద్దం. పటం మీద వంగి ఉన్నారు. పక్కన ఒకరు ఆమె చెప్పేది రాసుకుంటున్నారు.

"మూడు పొరలు స్పష్టంగా కనబడుతున్నవి. అధఃపుటము, మధ్యపుటము, ఊర్ధ్వపుటము. అధఃపుటము హనువును బంధించుచు శిరస్సు వరకు సాగినది. ఇది మితభాషిత్వమునకు సంకేతము. ఆనాటి కులీన స్త్రీలు ఎక్కువగా మాట్లాడేవారు కారు."

"ఆమె బాగానే మాట్లాడేదండి. ఆ రోజు నోరు తెరవలేక," అన్నాను.

రాసేవాడు కలం ఎత్తి చూశాడు. మందాకినీదేవిగారు చెయ్యి ఊపారు. అతను రాయలేదు.

"ఎడమ చెంప ఉబ్బి ఉన్నది. తాంబూల చర్వణము. ఇది రాచకుటుంబముతో సంబంధమును సూచించుచున్నది. ఇక ఊర్ధ్వపుటము మీద చదువ వీలుకాని శుభచిహ్నములు..."

నేను మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. అక్షరాలు తలకిందులుగా ఉంటే కాగితం తిప్పాలని అక్కడ నేర్పారు. నేను పటం తిప్పాను. 'నికర బరువు 50 కిలోలు' అని చదివాను. కింద 'కొక్కెములు వాడరాదు' అని కూడా ఉంది. అదీ చదివాను.

రాసేవాడు కలం కింద పెట్టాడు. నాకు కొంచెం ఆశ కలిగింది.

"మూలవస్తువును తలకిందులుగా పట్టుకొనుట నిబంధనలకు విరుద్ధము," అన్నారు మందాకినీదేవిగారు. "ఆ స్థితిలో చదివినది చెల్లదు."

పటం మళ్లీ తిన్నగా పెట్టారు. చిహ్నాలు మళ్లీ చదవ వీలుకాకుండా పోయాయి. ఆ పూటే శైలికి పేరు పెట్టారు. 'సముద్రాంధ్ర త్రిపుట శిరోవేష్టనము'. కమిటీ చప్పట్లు కొట్టింది. తలుపు బయట నిరంజనరావుగారు కళ్లు తుడుచుకున్నారు.

నేను రసీదు చూపించాను. "పని అయింది గదండి. ఇస్తే పట్టుకుపోతాను."

ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లారు. "ఒక చిక్కుంది. గుర్తించబడని వస్తువును తిరిగి ఇవ్వరాదు. అది ఏమిటో తెలియదు గనుక ఏమి ఇచ్చామో రాయలేం."

"ఇప్పుడు గుర్తించారు గదా."

"గుర్తించబడిన వస్తువు జాతి సంపద. జాతి సంపదను వ్యక్తులకు ఇవ్వరాదు."

"మరి ఎప్పుడిస్తారు?"

ఆయన ఆలోచించారు. నిజాయితీగానే ఆలోచించారు. "గుర్తింపు జరుగుతూ ఉన్నప్పుడు ఇవ్వొచ్చు. కానీ ఆ సమయంలో అది కమిటీ ముందు ఉండాలి."

"అభ్యంతరం రాసిస్తే?"

"అప్పుడు వివాదాస్పద వస్తువు అవుతుంది. దానికి వేరే బీరువా ఉంది. అందులోంచి ఇంతవరకూ ఏదీ బయటకు రాలేదు."

నేను అభ్యంతరం రాయలేదు. బస్సెక్కి వచ్చేశాను.

గుర్తించిన శైలిని పరిరక్షించాలి. అది పథకంలో రెండో భాగం. ఫాల్గుణంలో, ఉప్పు ఎత్తడం మొదలైన వారానికి, మా మడుల దగ్గరకు జీపు వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి దిగింది. శిక్షకురాలట. మా ఆడవాళ్లకు తల మీద బస్తా ఎలా వేసుకోవాలో నేర్పడానికి వచ్చింది.

నలభై మందిని గట్టు మీద వరసగా నిలబెట్టింది. ముందు వరసలో అంకమ్మ. నాంచారమ్మ పక్కనే పాతికేళ్ల పైన గంప మోసిన మనిషి. వరసకు నాకు మరదలు.

"అమ్మా, మొదట దవడ పట్టీ. తరువాత ఎడమ చెంపలో వక్క. ఉబ్బు బయటికి కనబడాలి. తరువాత కుదురు, చివర ఊర్ధ్వపుటం," అంది శిక్షకురాలు.

"ఊర్దం అంటే ఏందమ్మాయ్?" అంది అంకమ్మ.

"పైది."

"యూరియా బస్తానా?"

"అలా అనకూడదండి."

"ఇదిగో తల్లీ, ఇది మా నాంచారక్క కట్టు. నా ఎదురుగ్గానే కట్టుకుంది. ఆ పొద్దు ఆమె పన్ను సలుపుతా ఉంటే కట్టుకుంది. నా దవడ బాగానే ఉంది. నేనెందుకు కట్టాలి?"

"మీరు శైలిని పాటించాలి. లేకపోతే సర్టిఫికెట్ రాదు."

"సర్టిఫికెట్ లేకపోతే?"

"రక్షిత శైలిని సర్టిఫికెట్ లేనివాళ్లు ధరించకూడదు. పాక్షికంగా కూడా."

ఆ వారమంతా మా మడులు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉన్నాయి. నలభై మంది ఆడవాళ్లు దవడలు కట్టుకుని, చెంపల్లో వక్కలు పెట్టుకుని ఉప్పు మోశారు. మాట లేదు, పాట లేదు, తిట్టు లేదు. మేస్త్రీ పరవశించిపోయాడు. పథకాన్ని మరో అయిదేళ్లు పొడిగించమని అర్జీ పెట్టుకున్నాడు. బళ్లో ఆడపిల్లలకు డ్రిల్లు మార్చారు. వక్క గొంతులో పడుతుందని వాళ్లకు నిమ్మకాయలు ఇచ్చారు. ప్రార్థన గీతం నిమ్మకాయలతోనే పాడించారు. పళ్ల డాక్టరు ఒకాయన పక్క ఊరి నుంచి రెండుసార్లు వచ్చి, మా ఊరి వీధి చివర నిలబడి ఆశగా చూసి వెళ్లాడు.

అంకమ్మ పరీక్ష తప్పింది. వక్క కుడి చెంపలో పెట్టుకుంది. ఎడమ వైపు ఆమెకు పళ్లు లేవు, వక్క నిలవదు. ఆ మాట చెప్పింది. చరిత్రలో వక్క ఎడమ చెంపలోనే ఉందని సమాధానం వచ్చింది.

మర్నాటి నుంచి ఆమె ఉత్త తలతో గంప మోసింది. ఉప్పునీళ్లు నెత్తి మీంచి కళ్లలోకి కారాయి. సాయంత్రం పని దిగాక కళ్లు ఎర్రగా చేసుకుని మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది.

"ఏంది బావా ఇది? నెత్తిన బస్తా ఏసుకోటానికి నాకు అర్హత లేదంట."

"నిమ్మకాయ పెట్టుకోలేకపోయావా?"

"నవ్వు, బాగా నవ్వు. నీ పెళ్లాం పన్ను నొచ్చితే ముప్పై ఏళ్లకి ఊరు ఊరంతా దవడలు కట్టుకుంది. గవర్నమెంటోళ్లు జీపేసుకుని వచ్చారు. ఆ నొచ్చిన పొద్దు మాత్రం..."

ఆగిపోయింది.

"ఆ పొద్దు మాత్రం ఏంటి?"

"ఏం లేదులే. నువ్వా పటం ఎప్పుడు తెస్తావు? తదియ దగ్గరకొచ్చె."

"అడుగుతున్నాను."

"అడగమాక బావా. ఎత్తుకురా."

నేను ఎత్తుకురాలేదు. అడిగే మనిషిని. అది నా తప్పు.

జిల్లా కేంద్రంలో మకుటశాల ప్రారంభానికి నాకు ఆహ్వానం వచ్చింది. 'మకుట ప్రదాత' అని రాశారు. వెళ్లాను. అన్ని మండలాల తలలూ అద్దాల వెనక వరసగా ఉన్నాయి. చేట ఉంది. తడి తువ్వాలు ఉంది. ఒక మండలం వాళ్లు ఏమీ దొరక్క బోడితల ఫోటో పంపారు. దాని కింద 'శూన్య శైలి' అని ఉంది. మాది నడిమధ్యలో, పట్టు పరదా కింద ఉంది.

ముఖ్య అతిథి జిల్లాలోకెల్లా పెద్ద పదవిలో ఉన్న మహిళ. గౌరవసూచకంగా త్రిపుటం ధరించి వచ్చారు. బస్తా పట్టుది. దవడ పట్టీ జరీది. చెంపలో వక్క ప్రమాణం ప్రకారమే ఉంది. నలభై నిమిషాలు మాట్లాడారు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఆగినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టారు. ఒకచోట ఆమె చెయ్యి ఎత్తి కళ్లనీళ్లతో ఏదో అన్నారు. అప్పుడు చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఆమె వక్క గొంతుకు అడ్డం పడి మంచినీళ్లు అడిగారని తర్వాత తెలిసింది. మర్నాడు పత్రికల్లో ఆ ప్రసంగం పూర్తి పాఠం వచ్చింది.

నాకు శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ఇచ్చారు. రెండే మాట్లాడాను.

"అది పన్నుపోటు. నా పటం నాకివ్వండి."

వేదిక మీద గుసగుసలు లేచాయి. మందాకినీదేవిగారు మైకు అందుకున్నారు. ఆమెకు కోపం రాలేదు. అదే నాకు నచ్చలేదు.

"చాలా ఆసక్తికరమైన విషయము. ఈ శిరోవేష్టనము చుట్టూ స్థానికముగా ఒక దంతకథ ప్రచారములో ఉన్నదన్నమాట. దీనిని మౌఖిక సాహిత్యముగా నమోదు చేయుచున్నాము."

"కథ కాదండి. నిజంగా నొప్పి."

"ఆమెకు నొప్పి ఉన్నట్టు వైద్యుని పత్రము ఉన్నదా?"

"లేదు."

"చికిత్స జరిగినదా?"

"లేదు."

"ఆసుపత్రికి తీసుకువెళ్లినారా?"

"లేదు."

"మరి నొప్పి ఉన్నదని ఎట్లు తెలియును?"

"ఆమె చెప్పింది."

"ఆమె చెప్పినంతమాత్రమున నమ్మవలెనా?"

మైకు ఇచ్చేశాను. జనం చప్పట్లు కొట్టారు.

చైత్ర బహుళ తదియ వచ్చింది. పటం రాలేదు. పొద్దున్నే అంకమ్మ గిన్నెలో చింతచిగురు పప్పు, అన్నం పట్టుకొచ్చింది. నాంచారమ్మకు ఇష్టం.

"పటం ఇంటికి రాకపోతే మనమే దాని కాడికి పోదాం, పద బావా," అంది.

వెళ్లాం. టికెట్ తీసుకుని లోపలికి పోవాలి. నా భార్యను చూడ్డానికి వరసలో నిలబడ్డాను. గిన్నె లోపలికి పోనివ్వనన్నాడు గేటు మనిషి. తినే వస్తువులు నిషేధం.

"ఇది తినే వస్తువు కాదయ్యా, ఆమెకి పెట్టేది," అంది అంకమ్మ.

"ఎవరికి?"

"ఆ అద్దంలో ఉన్నామెకి."

అతను నిబంధనల పుస్తకం తిరగేశాడు. చనిపోయినవారి భోజనం గురించి అందులో లేదు. గిన్నె బల్ల కింద పెట్టించి చీటీ ఇచ్చాడు.

అద్దం ముందుకు వెళ్లాం. బస్తా ఉంది. కుదురు ఉంది. దవడ పట్టీ ఉంది. ఉబ్బిన చెంప ఉంది. కళ్లు లేవు. కళ్ల మీద అడ్డంగా నల్లకాగితం అంటించి ఉంది.

నిరంజనరావుగారు అక్కడే ఉన్నారు. మా మండలానికి ప్రథమ బహుమతి వచ్చింది. ఆయన ఇప్పుడు మకుటశాలకే అధికారి.

"కళ్లేవండీ?" అన్నాను.

"గుర్తు తెలియని వ్యక్తుల మొహం పూర్తిగా ప్రదర్శించకూడదు. చట్టం."

"ఆమె నాంచారమ్మ. నా భార్య. మీరు మా ఇంటి గోడ మీంచే తీశారు."

ఆయన గొంతు తగ్గించారు. "నాకు తెలుసండి. నేనూ రాసి పంపాను. కానీ వ్యక్తిని గుర్తించడానికి మీ ఒక్కరి సాక్ష్యమే ఉంది. మీ సాక్ష్యాన్ని మందాకినీదేవిగారు దంతకథల కింద వేశారు. శిరోవస్త్రం గుర్తించబడింది. వ్యక్తి గుర్తించబడలేదు. రసీదు మారుస్తున్నాం."

"ఎలా?"

"'శిరోవస్త్రము - ఒకటి.' అంతవరకే."

అంకమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. ముట్టుకోకూడదని బోర్డు ఉంది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఉబ్బిన చెంప ఉన్నచోట చెయ్యి ఉంచి, మడుల్లో పక్క మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అక్కా, నొప్పి తగ్గిందా?"

ఆ ముక్క అడగడానికి ముప్పై ఏళ్లలో నాకు ఒక్క పూటైనా కుదరలేదు.

తిరిగి వచ్చాం. గిన్నె మర్చిపోకుండా తెచ్చింది అంకమ్మ. గోడ మీద మేకు అలాగే ఉంది. దాని కింద పటమంత మేర తెల్లటి సున్నం ఉంది. మేకుకు దండ వేశాను. దాని కింద ఆకు వేసి అన్నం పెట్టాను. అంకమ్మ దీపం వెలిగించి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఫోటో తీసిన రోజు గట్టు మీద నేనేమన్నానో విన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

అది కూడా చెప్పేస్తాను. మిగిలినదంతా చెప్పాను గనక. ఆ రోజు పొద్దున్నే పన్నుపోటు అని నాంచారమ్మ చెబితే, ఉప్పు ఎత్తే రోజుల్లో ఆడవాళ్లకు అన్నీ నొప్పులేనన్నాను. పదిమందిలో అన్నాను. ఆమె గంప ఎత్తుకుని మడిలోకి దిగింది. తర్వాత ఎన్నడూ ఏ నొప్పీ నాతో చెప్పలేదు. కిందటి చైత్రంలో వచ్చిన ఆఖరి నొప్పి కూడా.

ఆ పన్నుపోటును కమిటీ నమ్మలేదు. వాళ్లకంటే ముందు నేనూ నమ్మలేదు.

దీని గురించి నన్నెవరూ అడగవద్దు. ఇక మాట్లాడను.